పటం గీసే ముందు

పదిహేనేళ్ల కిందటి సంగతి. బందరులో, అంటే మచిలీపట్నంలో, ఒక సమావేశం. బడి మధ్యలో మానేసిన పిల్లల లెక్కలు మండలాల వారీగా నా చేతికొచ్చాయి. అంకెల పట్టిక ఎవరూ చదవరని నాకు తెలుసు. అందుకని రాత్రంతా కూర్చుని జిల్లా పటం మీద రంగులు వేశాను. ఎక్కువమంది మానేసిన మండలానికి ముదురెరుపు, తక్కువమంది మానేసిన మండలానికి లేత గులాబీ. పొద్దున్నే గోడకి తగిలిస్తే నాకే ముచ్చటేసింది. బందరు మండలం కుంకుమ ముద్దలా వెలుగుతోంది. సముద్రం ఒడ్డున దివిసీమ మండలాలు పాలిపోయి ఉన్నాయి. వచ్చినవాళ్లంతా బందరు గురించే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

వెనక వరుసలోంచి దివిసీమలోని కోడూరు వైపు పెద్దాయన ఒకాయన లేచాడు. "బాబూ, మా మండలంలో అసలు పిల్లలే తక్కువ. ఉన్న కొద్దిమందిలోనే మానేసినవాళ్లున్నారు. మనుషులు తక్కువైతే రోగం లేనట్టేనా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి, నూరుమంది పిల్లల్లో ఎంతమంది మానేశారో లెక్కగట్టి మళ్లీ రంగులు వేశాను. పటం తలకిందులైంది. బందరు లేతబడింది, సముద్రం ఒడ్డు మండలాలు ముదిరాయి. అంకెలు అవే, జిల్లా అదే. తప్పు నా తలలో ఉంది. ఎంత బాగా గీయాలా అని ఆలోచించానుగానీ, దీన్ని చూసి ఎవరు ఏం చేయబోతున్నారని నన్ను నేను అడగలేదు. కొత్త బడి ఎక్కడ పెట్టాలో, టీచర్ని ఎక్కడికి పంపాలో తేల్చుకునేవాళ్లకి నేను ఇచ్చింది జనాభా ఎక్కడ ఎక్కువో చెప్పే పటం. ఆ సంగతి వాళ్లకి ముందే తెలుసు.

ఈ అధ్యాయంలో మీరు నేర్చుకోవలసింది ఆ ఒక్క ప్రశ్నే. కాగితం మీద పెన్సిలు పెట్టకముందే, కంప్యూటరు తెరవకముందే, పైన ఒక వాక్యం రాసుకోండి: "ఈ పటం చూసి ఫలానావాళ్లు ఫలానా పని చేస్తారు." ఆ వాక్యం రాయలేకపోతే పటం గీయకండి. రాయగలిగితే, ఏ రకం పటం గీయాలో సగం తేలిపోయినట్టే.

రంగు ఎక్కడ, వృత్తం ఎక్కడ

మండలాలకో, జిల్లాలకో ముదురు లేత ఛాయలు పూసే పటం ఇవాళ్టిది కాదు. 1826లో ఫ్రాన్సులో షార్ల్ దూపాఁ అనే ఆయన ఏ ప్రాంతంలో చదువు ఎంత ఉందో చూపించడానికి దేశపటం మీద నలుపు ఛాయలు పూశాడు. చదువు తక్కువైన చోట చీకటి. రెండు వందల ఏళ్లయినా ఎన్నికల ఫలితాల నుంచి వ్యాధుల దాకా మనం ఈ పద్ధతే వాడుతున్నాం. వాడటం తేలిక, అందుకే పొరపాటు చేయడమూ తేలిక.

నేను చేసిన పొరపాటు మీరు చేయకుండా ఉండాలంటే ఒకటి గుర్తుంచుకోండి. ఛాయలు నిష్పత్తులకి మాత్రమే: నూటికి ఎంత, ఎకరానికి ఎన్ని బస్తాలు, చదరపు కిలోమీటరుకి ఎంతమంది. మొత్తం ఎంతమంది, మొత్తం ఎన్ని బస్తాలు అని చెప్పాలనుకుంటే రంగు పూయకండి, వృత్తం పెట్టండి. అంకె పెద్దదైతే వృత్తం పెద్దది.

వృత్తంలోనూ ఒక మెలిక ఉంది. 2011 జనాభా లెక్కల్లో మచిలీపట్నం పట్టణం సుమారు 1 లక్షా 70 వేలు, గుడివాడ సుమారు 1 లక్షా 18 వేలు. బందరు గుడివాడకి దాదాపు 1.44 రెట్లు. గుడివాడకి ఒక సెంటీమీటరు వ్యాసార్ధంతో వృత్తం గీశారనుకోండి. బందరుకి 1.44 సెంటీమీటర్లు గీస్తే ఆ వృత్తం వైశాల్యం రెండు రెట్లు దాటిపోతుంది. చూసేవాడి కన్ను వ్యాసార్ధాన్ని కొలవదు, నిండుదనాన్ని కొలుస్తుంది. కాబట్టి వర్గమూలం తీయాలి. 1.44 కి వర్గమూలం 1.2. బందరుకి 1.2 సెంటీమీటర్లు చాలు. పదో తరగతి లెక్క ఇన్నాళ్లకు పనికొచ్చింది.

ఇంకో గొయ్యి గురించి చెప్పాలి, ఈమధ్య చాలామంది ఇందులోనే పడుతున్నారు. 2011 లెక్కల ప్రకారం కృష్ణా జిల్లా జనాభా 45 లక్షల 17 వేలు, విస్తీర్ణం 8,727 చదరపు కిలోమీటర్లు. అది విజయవాడ, జగ్గయ్యపేట, నూజివీడు అన్నీ కలిసిన పాత జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకి, కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాకి వెళ్లాయి. బందరు కేంద్రంగా మిగిలిన కృష్ణా జిల్లా విస్తీర్ణం సుమారు 3,773 చదరపు కిలోమీటర్లు, అదే 2011 లెక్కన జనాభా సుమారు 17 లక్షల 35 వేలు. ఇప్పుడు ఎవరైనా ఇంటర్నెట్లో దొరికిన పాత జనాభాని కొత్త సరిహద్దులో పోస్తే చదరపు కిలోమీటరుకి పన్నెండు వందలమంది దాకా తేలతారు. నిజానికి ఉండాల్సింది 460. పటం అందంగానే వస్తుంది. ఏ సాఫ్ట్‌వేరూ మిమ్మల్ని ఆపదు. పేరు ఒకటే కదా, "కృష్ణా". కాబట్టి ప్రతి పటం కింది మూలన, లెక్క ఏ ఏడాదిది, సరిహద్దు ఏ ఏడాదిది అని రెండు సంవత్సరాలూ రాయండి. ఒక్కటి రాస్తే సరిపోదు.

రంగుల పటానికి దివిసీమలో ఇంకో చిక్కు ఉంది. నాగాయలంక మండలాన్ని పటంలో చూడండి. కింద ఎంత పెద్ద వైశాల్యం! కానీ అందులో కృష్ణ పాయలున్నాయి, మడ అడవి ఉంది, ఇసుక తిప్పలున్నాయి. మనుషులు ఉండేది కొద్ది మేర. ఆ మండలానికి ముదురు రంగు పూస్తే కన్ను మొట్టమొదట వెళ్లేది ఎవరూ లేని చోటికి. మీకు ఓపిక ఉంటే మడ అడవినీ నీటినీ తెల్లగా వదిలేసి, ఊళ్లున్న మేరకే రంగు వేయండి. ఓపిక లేకపోతే కనీసం ఊళ్ల పేర్లు పైన రాయండి, కన్ను వాటిని పట్టుకుంటుంది.

అయిదు అడుగుల గీత, అయిదు మీటర్ల నీరు

ఎత్తుపల్లాలు చూపించడానికి బడిలో మనకి కాంటూరు గీతలు నేర్పారు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీత. కొండల బొమ్మ, దాని చుట్టూ ఉల్లిపొరల్లా గీతలు. పరీక్షలో అయిదు మార్కులు. ఆ తర్వాత మరిచిపోయాం.

కొల్లేరు సరస్సు చుట్టుపక్కల వాళ్లు మరిచిపోలేదు. గుడివాడ నుంచి నందివాడ మీదుగా కైకలూరు వైపు వెళ్లి, ఏ చెరువు గట్టు మీదైనా "ప్లస్ ఫైవ్" అనండి. మీకు గంటసేపు పాఠం చెబుతారు. 1999లో కొల్లేటి అభయారణ్యాన్ని ప్రకటించినప్పుడు దాని హద్దుగా తీసుకున్నది సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తున్న కాంటూరు గీతని. గీత లోపల 308 చదరపు కిలోమీటర్లు. లోపల చేపల చెరువు ఉండకూడదు. 2006లో ఆ గీత లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో శాసనసభ ఆ గీతని మూడడుగులకి దించమని తీర్మానం చేసింది. ఆ రెండడుగుల తేడా కోసం ఇప్పటికీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి. ఎవరిది న్యాయం అన్నది వేరే పుస్తకానికి సంబంధించిన చర్చ. ఇక్కడ మనకి కావలసింది ఇది: చదునైన నేల మీద అడుగు తేడా అంటే మైళ్ల తేడా. కొండల్లో అదే అడుగు పటంలో కనపడదు కూడా.

ఇప్పుడు దివిసీమ వైపు రండి. సర్వే ఆఫ్ ఇండియా వారి యాభై వేల స్కేలు టోపోషీటు తీసుకోండి. అందులో రెండు సెంటీమీటర్లు అంటే కిలోమీటరు. బ్రహ్మాండమైన పటం. కాలువ లాకులు, గుళ్లు, కరకట్టలు అన్నీ ఉంటాయి. కానీ ఈ స్కేలులో కాంటూరు గీతలు మామూలుగా 20 మీటర్లకి ఒకటి. అవనిగడ్డ నుంచి హంసలదీవి దాకా ఒక్క గీతా తగలదు. కొత్తగా చదివేవాడికి ఏమనిపిస్తుంది? నేల అంతా ఒకటే, ఏ బెంగా లేదు అనిపిస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన ఎత్తు అయిదు మీటర్ల పైమాట. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఇరవై మీటర్ల గీతల మధ్య అయిదు మీటర్ల నీటికి చోటే లేదు.

ఆ పటంలో తప్పేమీ లేదు. కొండలూ మైదానాలూ అన్నీ ఉన్న దేశమంతటికీ ఒకే పద్ధతిలో గీసిన పటం అది. సాధారణ పనికి అది చాలు. ఉప్పెన వస్తే ఎక్కడికి పరుగెత్తాలి అని అడిగేవాడికి మాత్రం చాలదు. ఆ మనిషికి అర మీటరుకి ఒక గీత కావాలి. లేదంటే గీతలు అసలు మానేసి, ఊళ్లో ఎత్తైన చోట్లు మాత్రం అంకెలు వేసి చూపాలి: తుపాను షెల్టరు, బడి డాబా, కరకట్ట, గుడి అరుగు. గీతలు లేని అలాంటి పటం చూడ్డానికి పేదగా ఉంటుంది. కానీ రాత్రి రెండింటికి పనికొచ్చేది అదే.

ఒక మాట చెప్పి ముందుకెళతాను. ఈ సీమలో ఎత్తుపల్లాల పటం ముందు ఊళ్ల పేర్లలో గీశారు మన పెద్దలు. పాలకాయతిప్ప. తిప్ప అంటే ఇసుక మేట. లంక, దిబ్బ, మెరక, ఒక్కొక్క పేరూ నేల గురించి ఏదో ఒకటి చెబుతుంది. కొత్త కాలనీలకి నాయకుల పేర్లు పెట్టడం మొదలయ్యాక ఈ సమాచారం పోతోంది. నాకు దీని మీద కాస్త కోపం ఉంది, దాచుకోను.

గీత ఒక చోట, దెబ్బ ఒక చోట

తుపాను వచ్చినప్పుడల్లా టీవీలో మనం చూసే పటం ఏది? బంగాళాఖాతంలో ఒక చుక్క, అక్కడి నుంచి తీరం దాకా ఒక గీత, గీత చివర ఒక ఊరి పేరు. "ఫలానా చోట తీరం దాటుతుంది." ఆ ఊరివాళ్లు గుండె పట్టుకుంటారు. పక్క జిల్లావాళ్లు ఊపిరి పీల్చుకుంటారు.

1977 తుపాను గీత చీరాల దగ్గర తీరం తాకింది. చీరాల నుంచి నాగాయలంక నేరుగా కొలిస్తే 60 కిలోమీటర్ల పైనే. గీతని నమ్మితే దివిసీమ ప్రమాదానికి పక్కన ఉంది. నిజానికి ప్రమాదం నడుమ ఉంది. ఎందుకంటే మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. తుపాను నడిచే దారికి కుడివైపున గాలి సముద్రం మీంచి నేల మీదికి నీటిని తోస్తుంది. ఎడమవైపున నేల మీంచి సముద్రంలోకి తోస్తుంది. సముద్రం మీంచి చీరాల వైపు చూస్తే దివిసీమ కుడిచేతి పక్క. మిగతా పని గాలే చేసింది.

గీత అబద్ధం ఆడలేదు. కేంద్రం ఎటు నడిచిందో నిజంగానే చెప్పింది. జనానికి మాత్రం కేంద్రంతో పని లేదు. నీళ్లు ఎటు వస్తాయో కావాలి. అందుకే ఇప్పుడు వాతావరణ శాఖ గీతతోపాటు శంకువులాగా విచ్చుకునే ప్రాంతాన్ని, గాలి వేగాల వలయాల్ని, ఉప్పెన వచ్చే తీర భాగాన్ని విడివిడిగా చూపిస్తోంది. బందరులో ఉన్న డాప్లర్ రాడార్ ఇచ్చే చిత్రాలు కూడా గీతలు కావు, పరుచుకున్న మేఘం ముద్దలు. ఇక 1990 మే నెలలో వచ్చిన తుపాను కృష్ణ ముఖద్వారం దాపునే తీరం దాటింది. బలంలో అదేమీ తక్కువది కాదు. ముందే లక్షకు పైగా జనాన్ని కదిలించారు. మరణాలు వెయ్యి లోపు ఆగాయి. అంతకు ముందు, 1864 నవంబరు 1న బందరు మీదికి వచ్చిన ఉప్పెనలో పోయినవాళ్లు ముప్పై వేలమంది దాకా ఉంటారని లెక్క. ఈ మూడింటినీ ఒకే పటం మీద గీయాలని మీకు అనిపించవచ్చు. గీయండి, కానీ కేంద్రాల గీతలు కాదు, నీళ్లు చేరిన మేర గీయండి.

మీరు గ్రామ సచివాలయంలో పనిచేస్తుంటే ఇది మీకు ముఖ్యం. తుపాను ముందు వాట్సాప్‌లో పటం పంపేటప్పుడు, గీత ఉన్న పటం పంపితే కింద తప్పనిసరిగా ఒక వాక్యం రాయండి: "గీతకి కుడిపక్కన ఉన్న తీరం వాళ్లకి నీటి ప్రమాదం ఎక్కువ." పటం చెప్పని దాన్ని పక్కన మాటల్లో చెప్పడం చిన్నతనం ఏమీ కాదు.

పారే వాటికి పారే పటం

డెల్టా అంటేనే నీటి పంపకం. ప్రకాశం బ్యారేజీ నుంచి బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ, దివిసీమకి కె.ఈ.బి. కాలువ. అక్కడి నుంచి చానెళ్లు, పంట బోదెలు. చివరికి శివారు రైతు. "మా దాకా నీరు రాలేదు" అన్న మాట మీరు ప్రతి జూలైలోనూ పేపర్లో చదివే ఉంటారు.

ఆ రైతు గోడు చెప్పడానికి ఎవరైనా సాధారణ పటం పట్టుకొస్తే అందులో కాలువ మొదట ఎంత నీలంగా ఉంటుందో చివరా అంతే నీలంగా ఉంటుంది. నీళ్లున్నట్టే కనిపిస్తుంది. ఇక్కడ కావలసింది ప్రవాహ పటం. పారే నీటిని బట్టి గీత లావు మారాలి. లాకు దగ్గర బొటనవేలంత లావు, మధ్యలో తూములు తాగేసిన కొద్దీ సన్నబడుతూ, శివారులో దారప్పోగు. ఆ దారప్పోగు చూశాక ఇంజనీరు గారికి వేరే వివరణ అక్కర్లేదు. తూము తూముకీ పారకం కొలిచిన అంకెలు మీ దగ్గర ఉండాలి, అంతే. అంకెలు లేకుండా లావు ఊహించి గీస్తే అది పటం కాదు, కార్టూను.

ఒక హెచ్చరిక. వరదనీ కాలువనీ ఒకే స్కేలులో గీయబోకండి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి కిందికి వదిలిన నీరు 11.43 లక్షల క్యూసెక్కులు. లక్ష క్యూసెక్కులకి ఒక సెంటీమీటరు లావు అనుకుంటే నది పదకొండు సెంటీమీటర్ల పైన వస్తుంది, కాగితం సగం మింగేస్తుంది. పదివేల క్యూసెక్కులు పారే కాలువ ఒక మిల్లీమీటరు. కాబట్టి రెండు పటాలు గీయండి. దివిసీమ లంక ఊళ్ల రైతుకి ఆగస్టులో ఒకటి కావాలి, సెప్టెంబరులో రెండోది కావాలి. ఒకే రైతు, నీళ్లు లేక ఒకసారి, నీళ్లు ఎక్కువై ఒకసారి.

కొన్నిసార్లు దూరాలే అక్కర్లేదు. నీటిపారుదల శాఖవాళ్ల ఆఫీసుల్లో కాలువలకి లైన్ డయాగ్రాం అని ఒకటి ఉంటుంది. కాలువ వంకరలు ఏవీ ఉండవు. నిలువు గీత, దాని పక్కన ఏ లాకు తర్వాత ఏ తూము అని వరస. అదీ పటమే. రైలు దారికీ ఇంతే, గుడివాడ జంక్షన్ని తీసుకోండి. అక్కడి నుంచి ఒక లైను విజయవాడకి, ఒకటి బందరుకి, ఒకటి భీమవరానికి. రైలు ఎక్కేవాడికి పెడన దాటాక బందరు వస్తుందా, ముందే వస్తుందా అన్నది కావాలి గానీ పట్టా ఎక్కడ మెలిక తిరిగిందో ఎందుకు? లండను భూగర్భ రైలుకి హారీ బెక్ గీయగా 1933లో అచ్చయిన పటం ఈ ఉపాయంతోనే ప్రపంచమంతా పాకింది. దూరాలు వదిలేశాడు, వరస మిగిల్చాడు. వదిలెయ్యడం కూడా గీయడంలో భాగమే.

చుక్కలు, గంటలు, గట్లు

మనుషులు ఎక్కడ గుంపుగా ఉన్నారో చూపించాలంటే చుక్కల పటం. వందమందికి ఒక చుక్క అనుకుని పెట్టుకుంటూ పోవచ్చు. ఇంటర్నెట్లో దొరికే ప్రోగ్రాములు ఈ పని చిటికెలో చేస్తాయి. అయితే అవి మండలం హద్దు లోపల ఎక్కడ పడితే అక్కడ చుక్కలు విసిరేస్తాయి. నాగాయలంకలో అలా విసిరితే మనుషులు మడ అడవిలో కాపురం పెడతారు, కొందరు నదిలో తేలతారు. ఊళ్లున్న చోటే చుక్కలు పడేలా హద్దు కట్టండి.

ఇంకో పటం గురించి చెబుతాను, మన దగ్గర ఎవరూ గీయగా చూడలేదు. కాలం పటం. ఒక ఆస్పత్రి నుంచి అరగంటలో చేరగలిగే మేర ఒక రంగు, గంటలో చేరేది ఇంకో రంగు. మామూలు పటంలో ఎదురుమొండి నాగాయలంకకి దగ్గరే. కానీ మధ్యలో నది. పంటు కోసం ఎదురు చూడాలి, గాలి వీస్తే పంటు ఆగిపోతుంది. నొప్పులు పడుతున్న ఆడబిడ్డకి కిలోమీటర్లు లెక్క కాదు, గంటలు లెక్క. ఏఎన్‌ఎం అమ్మాయిలు ఎవరైనా ఈ పుస్తకం చదువుతుంటే, మీ సబ్‌సెంటరు పరిధికి ఈ పటం మీరే గీయండి. మీకన్నా బాగా ఎవరూ గీయలేరు. ఏ దారి ఏ నెలలో బురదవుతుందో మీకే తెలుసు.

పొలం గట్టు తగాదాకి మాత్రం పైవేవీ పనికిరావు. ఫోనులో శాటిలైట్ బొమ్మ చూపించి "మా గట్టు ఇక్కడిదాకా" అని వాదించేవాళ్లని చూస్తుంటాను. దానికి గ్రామ నక్షా, ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పుస్తకం), సర్వే రాయి ఉండాలి. 2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గరి తక్కెళ్లపాడులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు వాడారు. అయినా మనిషి వెళ్లి గట్టు మీద నిలబడి చూపించాల్సి వచ్చింది. బొమ్మకీ హక్కుకీ మధ్య అంత దూరం ఉంది.

జిరాక్స్ పరీక్ష

మీరు ఏ పటం గీసినా బయటికి పంపే ముందు ఒక పని చేయండి. పక్క కొట్టుకి వెళ్లి నలుపు తెలుపు జిరాక్స్ తీయించండి. మన ఆఫీసుల్లో కాగితాలు చివరికి అలాగే తిరుగుతాయి. మీరు వేసిన ఎరుపూ ఆకుపచ్చా జిరాక్సులో ఒకటే బూడిద రంగు అవుతాయి. జిరాక్స్ లేకపోయినా ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లున్నవాళ్లు చాలా సమావేశాల్లో ఒకరైనా ఉంటారు. మగవాళ్లలో మరీ ఎక్కువ. ఒకే రంగులో లేత నుంచి ముదురు దాకా నాలుగైదు మెట్లు వేస్తే ఈ బాధ ఉండదు. ఏడెనిమిది మెట్లు వేయకండి. ఎవరికీ గుర్తుండవు.

ఆ మెట్లు ఎక్కడ తెగాలన్నది మీ నిజాయితీకి పరీక్ష. ఎకరానికి 20, 28, 29, 30, 31 బస్తాలు పండిన అయిదు ఊళ్లు ఉన్నాయనుకుందాం. 30 దగ్గర గీత గీస్తే రెండు ఊళ్లు బాగున్నట్టు, మూడు ఊళ్లు చెడిపోయినట్టు కనపడతాయి. 25 దగ్గర గీస్తే ఒక్క ఊరే వెనకబడింది. అంకెలు మారలేదు. బడ్జెట్టు మాత్రం మారుతుంది. గీత ఎక్కడ తెంచారో, ఎందుకు తెంచారో పటం పక్కన రాయడానికి సిగ్గుపడేవాళ్లు సాధారణంగా దాచడానికి ఏదో ఉన్నవాళ్లే.

పనిముట్ల గురించి రెండు మాటలు. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేరు ఉచితం. ఇస్రో వారి భువన్ పోర్టల్లో ఉపగ్రహ చిత్రాలు చూడవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ ఊరి వీధులు లేకపోతే మీరే చేర్చవచ్చు. ఇవి నేర్చుకోవడానికి ఒక నెల చాలు. నేర్చుకోకపోయినా ఫర్వాలేదు, ట్రేసింగ్ కాగితం, పెన్సిలు ఉన్నాయి. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ మన తీరాన్ని మైసోలియా అన్నాడు, కొంటకొస్సుల అనే వ్యాపార కేంద్రాన్ని గుర్తు పెట్టాడు. అది మన ఘంటసాలే అంటారు పండితులు. ఆయన ఇక్కడికి రాలేదు. ఓడలవాళ్లు చెప్పింది విని ఆ చోట్లకి అంకెలు వేశాడు. మీరు మాత్రం ఉన్న ఊళ్లోనే ఉన్నారు.

అభ్యాసం ఒకటే ఇస్తాను. 1977 ఉప్పెన నాటికి పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకి ఇప్పుడు అరవై దగ్గర పడ్డాయి. ఆనాడు పెద్దవాళ్లయినవాళ్లు చాలామంది పోయారు. మీది దివిసీమైతే, బందరు తీరమైతే, ఈ ఆదివారం మీ గ్రామ నక్షా మీద ట్రేసింగ్ కాగితం వేసుకుని ఆ ఉప్పెన చూసి ఇంకా ఉన్నవాళ్ల ఇళ్లకి వెళ్లండి. ఏ గోడ మీద ఎంత ఎత్తున నీళ్లు నిలిచాయో, ఏ చెట్టు పట్టుకుని బతికారో, నీళ్లు ఏ మలుపు దగ్గర ఆగాయో అడిగి, వాళ్ల చేతే వేలు పెట్టించి గుర్తు వేయించండి. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పిన దానితో కలవదు, రెండూ రాయండి. పెన్సిలుతోనే రాయండి. గుర్తులన్నీ అయ్యాక ఒక జిరాక్స్ మీ ఊరి బడిలో, ఒకటి సచివాలయంలో ఇవ్వండి. వెళ్లేటప్పుడు చేతిలో మిగతావేవీ వద్దు, ఫోను కూడా జేబులోనే ఉంచండి. వాళ్లు ఆగి ఆగి చెబుతారు, తొందరపెట్టకండి.